ప్రింటరు చివర ఖాళీ కాగితం ఎందుకు వస్తోంది?

సమాధానం అనేది సమాజానికి పట్టిన చీడ!

ఈ మాట అంటున్నది చదువంటే గిట్టని మనిషి కాదు. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పి బతుకుతున్న టీచరును. పుస్తకం చివరి పేజీల్లో జవాబులు అచ్చువేసే శాస్త్రానికి ఇన్నేళ్ళుగా సేవ చేస్తున్నదాన్ని. కాబట్టి తొందరపడి తిట్టకుండా కాస్త ఓపిక పట్టండి.

జవాబు దొరికిన మరుక్షణం ఏం జరుగుతుంది? మాట ఆగిపోతుంది! అప్పటిదాకా తల గోక్కుంటూ, పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తూ కళకళలాడిన క్లాసు, నేను బోర్డు మీద ‘ఎక్స్ విలువ ఏడు’ అని రాయగానే చల్లబడిపోతుంది. పిల్లలు సంచులు సర్దుకుంటారు. ఏడు ఎవరికి కావాలండీ? ఆ ఏడును ఇంటికి పట్టుకెళ్ళి ఏం చేసుకుంటారు?

ఇళ్ళల్లో చూడండి. ‘తాళంచెవి ఎక్కడ పెట్టావు?’ అన్న ఒక్క ప్రశ్న మీద మొగుడూ పెళ్ళాం ఎంతసేపయినా మాట్లాడుకోగలరు. పెళ్ళినాటి సంగతులు, అత్తగారి ఎత్తిపొడుపులు, ఆడపడుచు అలకలు అన్నీ ఆ తాళంచెవి వెంట బయటికొస్తాయి. తాళంచెవి చొక్కా జేబులో దొరికిందా, అంతే సంగతులు! ఆయన టీవీ వైపు, ఆవిడ ఫోను వైపు. కాపురాలను నిలబెడుతున్నది ప్రేమ అనుకుంటున్నారా? కాదు. దొరకని తాళంచెవులు!

ఆఫీసుల్లో మీటింగులు దేనికి పెడతారు? తేల్చడానికా? తేల్చగలిగినవాడు తేల్చేసి తన సీట్లో కూర్చుంటాడు. తేలకూడదని మనసులో ఉన్నవాళ్ళే ఏసీ రూము బుక్ చేస్తారు.

ఈ పరమసత్యాన్ని గుర్తించి, క్రమశిక్షణతో ఆచరిస్తున్న సంస్థ నాకు తెలిసి ఒక్కటే ఉంది. అది మా ఊరి లినక్స్ వాడకందార్ల సంఘం.

లినక్స్ అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. కంప్యూటరు నడవాలంటే లోపల ఒక పెద్ద ప్రోగ్రాం ఉండాలి. షాపులో కంప్యూటరుతో పాటు కొనుక్కునే రకం అద్దె ఇల్లు లాంటిది. గోడకు మేకు కొట్టడానికి కూడా మనకు హక్కు లేదు. లినక్స్ సొంత ఇల్లు. ఎవరైనా తెచ్చుకోవచ్చు, విప్పి చూడొచ్చు, గోడ పడగొట్టి కిటికీ పెట్టుకోవచ్చు. ఇల్లు నెత్తిమీద కూలితే అది కూడా పూర్తిగా సొంతమే. ఇంకొకరిని తిట్టే వీలుండదు. అందుకని ఇలా కూలిన ఇళ్ళవాళ్ళందరూ కలిసి ఒక సంఘం పెట్టుకుని, ఒకరినొకరు తిట్టుకుంటారు.

ఈ సంఘం శనివారం సాయంత్రాలు ఒక డ్రైవింగ్ స్కూలు మేడమీది గదిలో కూడుతుంది. గోడల నిండా రోడ్డు గుర్తుల పటాలు. ‘ఆగుము’, ‘నెమ్మదిగా పొమ్ము’, ‘ఎదుటివారికి దారి ఇమ్ము’. వాటికింద కూర్చుని వీళ్ళు ఒకరి మాటకు ఒకరు అడ్డంపడుతూ ఉంటారు. శనివారం సరిపోని చర్చ మిగతా వారమంతా ఇంటర్నెట్లో, సంఘం సొంత గ్రూపులో సాగుతుంది.

సభ్యులు చాలామందే గానీ, ఏ చర్చనైనా భుజాన మోసేవాళ్ళు ముగ్గురు.

ఒకరు టైపు తాతగారు. జీవితమంతా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి రిటైరయ్యారు. మౌస్ ముట్టరు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతోనే అన్ని పనులూ చేస్తారు. లోకంలోని సమస్త అనర్థాలకూ మౌసే మూలమని ఆయన సిద్ధాంతం. కరెంటు పోయినా సరే, ‘ఎవరో మౌస్ కదిలించి ఉంటారు’ అంటారు.

రెండోవారు కంపైల్ బాబాయ్. ఫర్నిచర్ షాపు ఆయనది. కుర్చీ కావాలంటే చెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టాలంటాడు. అందరూ తయారుగా ఉన్న ప్రోగ్రాం తెచ్చుకుంటే, ఈయన దాన్ని మూలం నుంచి సొంతంగా తయారుచేసుకుంటాడు. దాన్ని కంపైల్ చెయ్యడం అంటారట. అది పూర్తయ్యేసరికి కొత్త వెర్షన్ వస్తుంది. మళ్ళీ మొదలు. ఆయన కంప్యూటరు ఏనాడూ ఏ పనికీ ఉపయోగపడలేదు. కానీ ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. ఎంతమంది ఉద్యోగుల గురించి ఇంత గొప్పగా చెప్పగలం?

మూడోవారు పళ్ళ డాక్టరమ్మ. లినక్స్‌లో బోలెడు రకాలున్నాయి. ఒక రకంలో ఏ చిన్న నొప్పి వచ్చినా, వృత్తిధర్మం ప్రకారం ఆవిడ దాన్ని వేళ్ళతో సహా పీకి, కొత్త రకం పెట్టేస్తుంది. ‘ఈసారి ఇదే ఖాయం’ అంటుంది. వారం తిరిగేసరికి అది కూడా కదలడం మొదలుపెడుతుంది.

వీళ్ళకు పెద్ద, డ్రైవింగ్ మాస్టారు. గది ఆయనది, గ్రూపు తాళాలు ఆయనవి. పక్క సీట్లో కూర్చుని అవతలివాళ్ళు బండిని గోడకు గుద్దేదాకా ఓపిక పట్టడం వృత్తిలోనే అలవాటైన మనిషి కాబట్టి, ఇంత సంఘాన్నీ నడపగలుగుతున్నారు.

ఇక నాలుగో గొంతు మా అక్క.

అక్క రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీసేది. సంఘంలో అందరూ ఆమెను సూదక్క అనేవాళ్ళు. వయసులో ఆమెకు తండ్రిలాంటి తాతగారు కూడా సూదక్కే అనేవారు. ‘పగలు జనం రక్తం తీస్తావు, సాయంత్రం మా ప్రాణం తీస్తావు’ అని బాబాయ్ అంటే, ‘నీ దగ్గర తీద్దామన్నా ఉందా బాబాయ్? అంతా వార్నిషేగా’ అనేదట.

అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఇంట్లో కంప్యూటరు పెట్టింది ఆమె. అందులో లినక్స్ వేసింది ఆమె. నా ప్రశ్నపత్రాలకు ఒక నమూనా ఫైలు తయారుచేసి, ‘ఒసే చిన్నీ, నువ్వు ప్రశ్నలు నింపు, ఈ గుర్తు నొక్కు, ఇంకేదీ ముట్టుకోకు’ అని చెప్పింది. నేను ఇంకేదీ ముట్టుకోలేదు. ప్రశ్నపత్రం ప్రింటయ్యేది. దాని వెనకాలే, నేను అడగకపోయినా, ఒక ఖాళీ కాగితం వచ్చేది.

ఎన్ని కాపీలు తీస్తే అన్ని ఖాళీ కాగితాలు! పారెయ్యడానికి మనసొప్పక ప్రశ్నపత్రంతో పాటు పిల్లలకు ఇచ్చేదాన్ని, చిత్తులెక్కకు పనికొస్తుందని. ‘పిల్లల మీద ఆ టీచరుకు ఉన్న ప్రేమ చూడండి’ అని హెడ్‌మిస్ట్రెస్‌గారు స్టాఫ్ మీటింగులో నన్ను పొగిడారు. మిగతా టీచర్లు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

అక్కకు చెప్పాను. అక్క గ్రూపులో పెట్టింది.

ఆ తరువాత జరిగింది చరిత్ర!

ప్రశ్న పెట్టగానే తాతగారు ‘మౌస్ ఉందా?’ అని అడిగారు. ఉందన్నది అక్క. ‘మరి ఇంకేం!’ అన్నారు తాతగారు. ప్రింటరును కంప్యూటరుకు పరిచయం చేసే ప్రోగ్రాం సొంతంగా తయారు చేసుకోవాలని బాబాయ్ అన్నాడు. అన్నవాడు ఊరుకోక తన ఇంట్లో అది మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆ కంప్యూటరు వేడికి వాళ్ళింట్లో తడిబట్టలు ఆరేస్తున్నారని వినికిడి. డాక్టరమ్మ తన క్లినిక్‌లోని ప్రింటరు మీద పరీక్షించడానికి లినక్స్ రకాలు ఒకటి తరువాత ఒకటి మార్చింది. ఎన్ని మార్చినా ఖాళీ కాగితం రావడం లేదని ఆవిడ బాధ. అంటే అవన్నీ సరిగ్గా పనిచేయడం లేదన్నమాట!

ఆ మీదట, ‘ఖాళీ కాగితం అంటే ఏమిటి?’ అన్న మౌలిక ప్రశ్న లేచింది. ప్రింటరు దానిమీద ఏమీ అచ్చువెయ్యలేదా, లేక తెల్లరంగులో ఏదైనా అచ్చువేసిందా? తెలియకుండా దాన్ని ఖాళీ అనడం తొందరపాటు కాదా? ఒక కాగితాన్ని డాక్టరమ్మ తన దగ్గరున్న దీపం కింద పెట్టి చూసింది. పన్ను అయితే పుచ్చిందో లేదో చెప్పేదాన్ని, కాగితం గురించి చెప్పలేనంది.

అక్క రోజూ ల్యాబు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నవ్వుతూ ఆ మెసేజీలు చదివేది. ‘ఏమే అక్కా, ఆ కాగితం సంగతి తేలిందా?’ అంటే, ‘నీకెందుకే? గ్రూపు చూస్తోందిగా’ అనేది. మళ్ళీ ఏదో ఒక అనుమానం రాసి పంపేది. ‘వానరోజుల్లో ఎక్కువ వస్తున్నట్టు అనిపిస్తోంది’ అని ఒకసారి. దానిమీద తేమ గురించి చర్చ జరిగింది. బాబాయ్ చెక్క గురించి అద్భుతంగా మాట్లాడాడట.

ఈ వానాకాలం మొదట్లో అక్క పోయింది. దాని గురించి ఇక్కడ రాయను.

సంఘానికి ఒక రూలుంది. ప్రశ్న అడిగినవాళ్ళే వచ్చి, ‘తీరింది’ అని రాయాలి. అలా రాసిన వెంటనే ఆ చర్చకు తాళం పడుతుంది. ఇక అందులో ఎవరూ ఒక్క అక్షరం చేర్చలేరు. అడిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ మాట రాయకూడదు. బాగుంది. కానీ సంఘానికి ఇంకో రూలు కూడా ఉంది. అడిగినవాళ్ళు సంఘంలో లేకపోతే, వాళ్ళ ప్రశ్న తెరిచి ఉండకూడదు.

రెండు రూళ్ళూ ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. సంఘం దీనిమీద కూడా చర్చ పెట్టింది. ప్రశ్న ఆస్తి కిందికి వస్తుందా? దానికి వారసులుంటారా? బాబాయ్ లినక్స్ లైసెన్సు తీసి చదివాడు. ‘ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచొచ్చు అని ఉంది. ప్రశ్నకైనా అంతే’ అన్నాడు. ‘సాఫ్ట్‌వేరు వేరు, తోడబుట్టినది వేరు’ అని తాతగారు కోప్పడ్డారు. చివరికి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, సంఘం ఒక నిర్ణయానికి వచ్చింది! చెల్లెలు వచ్చి తన చేత్తో ఆ ఒక్క మాట రాస్తే చాలునని.

డ్రైవింగ్ మాస్టారు ఫోన్ చేశారు. ‘ఇబ్బంది పెడుతున్నాను టీచర్ గారూ. అయిదు నిమిషాల పని. మీరొచ్చి ఒక్క మాట టైపు చేస్తే, సూదక్క ప్రశ్న గౌరవంగా మూసేస్తాం’ అన్నారు.

సరేనన్నాను. అప్పటికి అక్క పేరు మీద ఉన్నవన్నీ మూతపడ్డాయి. తెరిచి ఉన్నది ఇదొక్కటే. లెక్క పూర్తయ్యాక కింద గీత గీయాలని పిల్లలకు చెప్పేదాన్ని. గీత గీసి వచ్చేద్దామనే శనివారం బయలుదేరాను.

టీచరును కదా, ముందుగానే వెళ్ళాను. డ్రైవింగ్ స్కూలు మెట్ల దగ్గర తాతగారు నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే అటూ ఇటూ చూసి, గోడ పక్కకు రమ్మని సైగ చేశారు.

‘ఇదిగో టీచరమ్మా, మీకో సంగతి చెప్పాలి. ఇంకెవరికీ చెప్పకూడదు. ఆ ఖాళీ కాగితం గుట్టు నాకు మొదటి వారమే తెలిసిపోయింది.’

‘ఏమిటండీ?’

‘ప్రింటరుది తప్పు కాదు. లినక్స్‌ది అంతకన్నా కాదు. ఆ ప్రశ్నపత్రం ఫైలు ఉంది చూశారూ, దాని చివర్లో మీ అక్కయ్య కొత్త పేజీ మొదలుపెట్టమని ఒక గుర్తు కొట్టి మర్చిపోయింది. కంటికి కనపడదది. ప్రింటరు పాపం చెప్పిన మాట విని కొత్త పేజీ మొదలుపెడుతోంది. అందులో ఏమీ లేకపోతే అదేం చేస్తుంది? ఆ ఒక్క గుర్తు చెరిపేస్తే సరి!’

‘మరి మా అక్కకు చెప్పారా?’

‘చెప్పకేం! నాకన్నా ముందే తెలుసు ఆ గడుగ్గాయికి. “తాతగారూ, ఇది బయటపెట్టారో, లావుపాటి సూది చూసి పొడుస్తా” అంది. అదీగాక డాక్టరమ్మ సంగతి ఆలోచించండి. దీనికోసం ఎన్ని లినక్స్‌లు పీకిందో! ఇప్పుడు ఇంతేనని తెలిస్తే ఆవిడ గుండె తట్టుకుంటుందా?’

మెట్లెక్కాను. సగం మెట్ల దగ్గర పళ్ళ డాక్టరమ్మ పైనుంచి దిగుతోంది.

‘మీకోసమే వస్తున్నాను టీచర్ గారూ. చిన్నమాట. ఆ ఫైలు చివర్లో ఒక పేజీ గుర్తుంది. అదీ కారణం. నాకెప్పుడో తెలుసు.’

‘అలాగా అండీ.’

‘సూదక్కే అన్నది, “ఇది చెప్పేస్తే శనివారాలు కూర్చుని ఏం మాట్లాడుకుంటాం డాక్టరమ్మా, చిగుళ్ళ గురించా?” అని. తాతగారికి మాత్రం తెలియనివ్వకండి. ఆ వయసులో ఆయనకున్న ఒక్క కాలక్షేపం. అందుకే నేనూ రకరకాలు మారుస్తున్నట్టు నటిస్తున్నా.’

‘నటిస్తున్నారా?’

‘మొదట్లో నిజంగానే మార్చాను లెండి. తరవాత అలవాటైపోయింది.’

గది గుమ్మంలో కంపైల్ బాబాయ్ ఫ్యాను స్విచ్చి వేస్తున్నట్టు నటిస్తూ నాకోసం కాచుకుని ఉన్నాడు. ఆయన చెప్పబోయేది నేనే చెప్పేదాన్ని గానీ, టీచర్లకు ఒక మంచి అలవాటుంది. పిల్లవాడు జవాబు చెబుతానని చెయ్యెత్తితే, తెలిసిందైనా పూర్తిగా వినాలి.

‘టేకులాంటి మనిషమ్మా మీ అక్క’ అన్నాడు బాబాయ్. ‘నాకు తెలిసిపోయిందని కనిపెట్టేసి, “బాబాయ్, నీ మిషను మాత్రం ఆపకు. అది ఆగితే ముసలాయనా డాక్టరమ్మా ఇద్దరూ దిగులుపడతారు” అంది. అందుకే ఆపలేదు. కరెంటు బిల్లు చూసి మా ఆవిడ రోజూ హారతి పడుతోంది నాకు.’

లోపల డ్రైవింగ్ మాస్టారు కుర్చీలు సర్దుతున్నారు. నన్ను చూసి నోరు తెరిచారు.

‘ఫైలు చివర పేజీ గుర్తా అండీ?’ అన్నాను.

ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించారు. ‘మీకూ తెలుసా? ఇంకెవరితోనూ అనకండి. పాపం వాళ్ళ ముగ్గురికీ తెలీదు.’

పాఠకులారా! ఇంతకన్నా గొప్ప సంస్థ భూమ్మీద ఎక్కడైనా ఉందా? ఒక సమస్యకు జవాబు తెలియక చర్చించేవాళ్ళను మనం రోజూ టీవీలో చూస్తున్నాం. జవాబు అందరికీ తెలిసి, పక్కవాడికి తెలియదని జాలిపడి, వాడి సంతోషం కోసం ఏడాదికి పైగా తెలియనట్టు వాదించుకునేవాళ్ళను ఎక్కడైనా చూశారా? ఇది కదా త్యాగం! ఇది కదా శాస్త్రీయ దృక్పథం!

సభ మొదలైంది. తాతగారు మౌస్ ప్రమాదాల గురించి, నా వైపు చూడకుండా, ఉద్వేగంగా మాట్లాడారు. బాబాయ్ తన మిషను దాదాపు ముగింపుకొచ్చిందని ప్రకటించాడు. ‘మీరు ఈ మాట పోయిన వానాకాలం కూడా అన్నారు’ అంది డాక్టరమ్మ. ‘మీరు పోయిన వానాకాలం నుంచి ఎన్ని పీకారో అది చెప్పండి ముందు’ అన్నాడు బాబాయ్. ఒకరి అజ్ఞానాన్ని ఒకరు ఎంత ప్రేమగా కాపాడుకుంటున్నారో చూస్తూ కూర్చున్నాను.

తరువాత మాస్టారు గొంతు సవరించుకుని, కంప్యూటరు ముందు కుర్చీ నాకు చూపించారు.

కూర్చున్నాను. తెర మీద అక్క ప్రశ్న ఉంది. అక్క మాటలు ఇవి: ‘మా చెల్లెలు స్కూలుకు ప్రశ్నపత్రాలు ప్రింటు తీస్తే చివర ఒక ఖాళీ కాగితం ఎక్కువ వస్తోంది. పిల్లలు రాసుకోవడానికి పనికొస్తోంది. కాబట్టి నష్టం లేదు. ఎందుకు వస్తోందో మాత్రం తెలుసుకోవాలని ఉంది. తొందరేమీ లేదు.’

దానికింద, కిందికి జరిపే కొద్దీ, తరగని చర్చ. మధ్య మధ్యలో అక్క. అక్క పోయిన తరువాత కూడా వాళ్ళు ఆపలేదు. ‘సూదక్క చెప్పిన తేమ విషయం మనం సరిగ్గా పరిశీలించలేదు’ అని డాక్టరమ్మ. ‘సూదక్క ఉంటే ఈ మాటకు ఒప్పుకునేది కాదు’ అని తాతగారు. ‘ఎందుకొప్పుకోదు? రాసి చూపిస్తా’ అని బాబాయ్.

గదిలో ఎవరూ మాట్లాడడం లేదు. ఆ సంఘం పుట్టాక అలా జరగడం అదే మొదటిసారట. తాతగారు ‘ఆగుము’ పటాన్ని ఎన్నడూ చూడనట్టు చూస్తున్నారు. డాక్టరమ్మ తన చేతిసంచీలో ఏదో వెతుకుతోంది. దొరకకూడదని కోరుకుంటున్నట్టు వెతుకుతోంది. బాబాయ్ బల్ల అంచు మీద గోటితో గీకి, ‘ప్లైవుడ్డే’ అని తనలో తాను అనుకున్నాడు.

‘తీరింది’. మూడు అక్షరాలు. నేను రాయాల్సింది అంతే.

నేను మాటల విషయంలో జాగ్రత్త మనిషిని. నిజం కానిది రాయను. పిల్లల జవాబుపత్రాల్లో కూడా ‘బాగుంది’ అని ఊరికే రాయను. అందుకని ఆలోచించాను. ఆ రోజు పొద్దున్నే యూనిట్ టెస్టుకు పేపర్లు ప్రింటు తీశాను. ప్రతి పేపరు వెనకా ఖాళీ కాగితం వచ్చింది. ఆ గుర్తును ఇంతవరకూ ఎవరూ చెరపలేదు. ఇప్పుడు అది ఎక్కడుందో నాకు తెలుసు. నేను కూడా చెరపబోవడం లేదు.

ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాను. ‘ఖాళీ కాగితం ఇంకా వస్తోంది. చెల్లెలు.’

పంపించాను.

తాతగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, తెర దగ్గరికి వంగి చదివారు.

‘ఏమిటిది టీచరమ్మా? పైన రాసేశారు! జవాబు ఎప్పుడూ అడిగినవాళ్ళ మాట కింద రాయాలి. పైన రాస్తే చదివేవాడికి ఏం అర్థమవుతుంది? చదువు చెప్పేవారు, మీరే ఇలా చేస్తే ఎలా?’

‘పోనీలెండి తాతగారూ, కొత్తగా వచ్చారు’ అంది డాక్టరమ్మ.

‘కొత్తగా వచ్చినప్పుడే నేర్పాలి! మీకు అప్పుడు నేర్పకపోబట్టే కదా ఇప్పుడిలా ఉన్నారు!’

‘ఏ వెర్షనో రాయలేదు’ అన్నాడు బాబాయ్, కుర్చీ ముందుకు లాక్కుంటూ. ‘ఏ వెర్షనో చెప్పకుండా ఇంకా వస్తోంది అంటే ఎలా కుదురుతుంది చిన్నీ?’

ఆ పేరు ఆయనకు అక్క మెసేజీల్లోంచి తెలిసి ఉంటుంది. నేను వెర్షను రాశాను. అక్క మాట కింద, బుద్ధిగా. వెంటనే అది సరైన వెర్షను కాదని డాక్టరమ్మ అంది. అసలు వెర్షను అడగడమే తప్పన్నారు తాతగారు. ‘మౌస్ ఉందా అని ఎవరైనా అడిగారా ఆ అమ్మాయిని?’ అని గద్దించారు. గది మళ్ళీ గదిలా అయ్యింది. గొడవ మధ్యలో తాతగారు నన్ను చూసి, ఎవరూ చూడకుండా కన్నుగీటారు. తరువాత డాక్టరమ్మ, ఎవరూ చూడకుండా. తరువాత బాబాయ్, ఎవరూ చూడకుండా. మాస్టారు మాత్రం రెండు కళ్ళూ ఒకేసారి మూశారు. ఒక కన్ను మూయడం ఆయనకు రాదట. డ్రైవింగ్‌లో రెండూ తెరిచి ఉంచాలి కదా!

ఇదంతా పత్రికలో అచ్చయితే, ఒకరి రహస్యం ఒకరికి తెలిసిపోదా అని మీకు అనుమానం రావచ్చు. నాకా బెంగ లేదు. ఈ వ్యాసాన్ని ఏ ఫార్మాట్లో దాచుకుని చదవాలన్న దగ్గరే వాళ్ళు ఆగిపోతారు. తాతగారు నల్ల తెర మీద చదవాలంటారు. బాబాయ్ ముందు కాగితం తయారు చేద్దామంటాడు. మొదటి వాక్యం దాటేసరికి నేను రిటైరవుతాను.

చీకటి పడుతుండగా మాస్టారు లేచి, సభ ముగిసిందన్నారు. ‘ఇవాళ కూడా తేలలేదు టీచర్ గారూ. ఏమనుకోకండి. వచ్చే శనివారం మళ్ళీ రావాలి మీరు.’

ఏమనుకుంటాను! ఆ మాట కోసమే కదా ఈ వానాకాలమంతా నేను ఊరు తిరిగింది.

జీవితమంతా ఏ ఆఫీసుకు వెళ్ళినా, ‘రేపు రండి’ అనిపించుకున్నదాన్ని నేను. ఇంటిపేరులో ఒక్క అక్షరం దిద్దించడానికి చెప్పులరిగేలా తిరిగాను. అలాంటిది, అక్క పేరు కొట్టేయించడానికి బ్యాంకుకు వెళితే ఏమైంది? కౌంటరులో అమ్మాయి చిరునవ్వుతో, ‘ఇక్కడొక సంతకం మేడమ్’ అంది. చెమట ఆరకముందే అయిపోయింది! ఫోను కంపెనీవాళ్ళు కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టి, నేను మంచినీళ్ళు తాగే లోపల అక్క నంబరు తీసేశారు. ల్యాబులో డ్యూటీ బోర్డు మీద ఆమె పేరును నా కళ్ళముందే తడిగుడ్డతో తుడిచి, అక్కడ ఇంకొకరి పేరు రాసి, ‘ఇంకేమైనా ఉందా అండీ?’ అని ఎంతో మర్యాదగా అడిగారు. మా స్టాఫ్‌రూమ్‌లో అక్క గురించి ఒక్క మధ్యాహ్నం మాట్లాడుకున్నారు. మర్నాటికి అందరికీ తీరిపోయింది.

ఎక్కడా ఒక్క కాగితం తక్కువ కాలేదు. ఏ సారూ సెలవులో లేరు. ఏ సంతకమూ తేడా రాలేదు. ఇంత సమర్థతను ఇన్నేళ్ళుగా ఎక్కడ దాచారయ్యా?

కౌంటర్ల వెనక కూర్చునే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఎప్పుడైనా ఒక చెల్లెలు వచ్చి, తన అక్క పేరు తీసేయమని కాగితాలు ముందు పెడితే, అవన్నీ సరిగ్గా ఉన్నా సరే, సర్వరు పనిచేయడం లేదని చెప్పండి. రేపు రమ్మనండి.